ఈ అలుపు ఎక్కడిది?

(గ్రామ కమిటీ కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగం. మాట్లాడిన భాషను చాలావరకు అలాగే ఉంచి, చదివేవాళ్ల కోసం కొద్దిగా సవరించాం.)



ఈ రెండు రోజుల్లో అటవీ హక్కుల చట్టం గురించి విన్నారు, పీసా గురించి విన్నారు, 1/70 గురించి విన్నారు. నాకిచ్చిన అంశం అలాంటిది కాదు. "ఒత్తిడి వల్ల మనసు అలిసిపోవడం, దాన్ని గుర్తుపట్టడం, దానికి వైద్యం" అని కాగితం మీద రాసిచ్చారు. అది చదవగానే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. పట్నం వాళ్ల జబ్బు కదా, ఏసీ గదుల్లో కూర్చునే వాళ్లకొచ్చేది కదా, కొండెక్కి దిగే మనకెందుకు అన్నట్టు. ఇది చదువుతున్న మీలో కూడా కొందరికి అలాగే అనిపించొచ్చు. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

ఈ అలుపుకి ఇంగ్లీషులో 'బర్నవుట్' అని పేరు. దాని మీద మొదట గట్టిగా రాసింది హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వవేత్త, 1974లో. ఆయన రాసింది పెద్ద కంపెనీల ఉద్యోగుల గురించి కాదు. న్యూయార్క్‌లో డబ్బుల్లేని వాళ్ల కోసం నడిచే ఉచిత క్లినిక్‌లో ఆయన పగలు తన పని చూసుకుని రాత్రుళ్లు ఊరికే పనిచేసేవాడు. అక్కడి వాలంటీర్లు ఎంతో ఉత్సాహంగా వచ్చి కొన్నాళ్లకి ఎలా మారిపోతున్నారో చూశాడు. తన మీదా అదే చూసుకున్నాడు. ఆయన తేల్చిందేమిటంటే, ఎవరికి అంకితభావం ఎక్కువో వాళ్లే ముందు కాలిపోతారని. అంటే ఈ మాట పుట్టిందే మనలాంటి వాళ్ల గురించి. జీతం లేకుండా, నమ్మకం కొద్దీ పనిచేసేవాళ్ల గురించి.

ఇంకో అపోహ దీనికంటే పాతది. ఆదివాసీకి చింతేముంటుంది, కొండగాలి పీలుస్తాడు, థింసా ఆడతాడు, హాయిగా ఉంటాడు అని. అరకు చూడ్డానికొచ్చిన వాళ్లు ఈ మాటంటే నవ్వి ఊరుకోవచ్చు. మనవాళ్లూ నమ్మేస్తున్నారు, అదే బాధ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. ఆ నీళ్లు చూసిన కూనవరం, వి.ఆర్.పురం వైపు ఊళ్లలో ఇప్పుడు నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, మూటలు కట్టుకుని మేలుకుని కూర్చునేవాళ్లున్నారు. నీళ్లు రాకపోయినా ఆ రాత్రి నిద్ర పోయినట్టే కదా. ఇలా ఎన్ని రాత్రులు? దాన్నేమంటారు, హాయి అంటారా?

మనవాళ్లు 'ఒత్తిడి' అనే మాట వాడరు. అందువల్ల అది లేనట్టు కనిపిస్తుంది. "ఒంట్లో సత్తువ లేదు" అంటారు. "తల దిమ్ముగా ఉంది", "గుండె బరువుగా ఉంది", "దేని మీదా బుద్ధి పుట్టట్లేదు" అంటారు. "బెంగ పట్టుకుంది" అంటారు. ఇంకా కొందరు మాటగా ఏమీ అనరు, కడుపులో మంట అనో నడుం నొప్పి అనో సంత రోజు ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఆయన ఒక సెలైన్ ఎక్కించి, ఒక సూది వేస్తాడు. రెండు రోజులు బాగుంటుంది. ఎందుకు బాగుంటుంది? సెలైన్‌లో ఉన్నది ఉప్పునీళ్లే. పనిచేసింది ఆ గంటసేపు ఎవరూ పిలవకుండా పడుకోవడం. అంటే ఆ మనిషికి కావలసిందేమిటో ఆ సెలైనే చెప్పేసింది, మనం వినలేదు.

ఇప్పుడు గుర్తులు చెప్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కొత్త జబ్బుల జాబితాను ఆమోదించినప్పుడు ఈ బర్నవుట్‌ని వ్యాధుల్లో చేర్చలేదు, పనికి సంబంధించిన పరిస్థితిగా పెట్టింది. చాలాకాలం తీరని ఒత్తిడి వల్ల వస్తుందని రాసింది. దానికి మూడు ముఖాలున్నాయని చెప్పింది. ఆ మూడూ మన పనిలో ఎలా కనబడతాయో చూడండి.

మొదటిది అందరికీ తెలిసిందే, అలుపు. మామూలు అలుపుకీ దీనికీ తేడా ఏమిటంటే, పోడు దున్నొచ్చిన అలుపు ఒక రాత్రి పడుకుంటే పోతుంది. ఇది పడుకుని లేచినా పోదు. అసలు నిద్రే సరిగ్గా పట్టదు. తెల్లారి ఫోన్ మోగితే ఎవరో చూడకముందే గుండె జారినట్టవుతుంది. చిన్నమాటకి ఇంట్లో వాళ్ల మీద అరుస్తారు, తర్వాత తమ మీద తామే కోపగించుకుంటారు.

రెండోది మనసు దూరం కావడం. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన కమిటీల్లో ఎక్కువగా చూడాల్సిందీ, మనం తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. ఒక కార్యకర్తని ఊహించుకోండి. మీ మండలంలోనూ ఇలాంటివాడు ఉండే ఉంటాడు. డిగ్రీ చదివి వచ్చాడు. నాలుగైదు ఊళ్ల పోడు దరఖాస్తులు తనే రాశాడు, సర్వేకి తనే తిరిగాడు, పింఛన్ ఆగిపోయిన ముసలాయన పని తనే చూస్తాడు, డోలీ మోయాల్సి వస్తే ఓ భుజం తనదే. మూడేళ్లయ్యేసరికి అతని నోట్లోంచి ఒక కొత్త మాట వస్తుంది. "వీళ్లింతే అన్నా. ఎంత చెప్పినా మారరు. కాగితం దాచుకోమంటే దాచుకోరు. వీళ్ల కోసం చచ్చినా ఇంతే." ఈ మాట ఇంతకుముందు ఎక్కడ విన్నారు? రెవెన్యూ ఆఫీసులో విన్నారు. బీట్ ఆఫీసర్ దగ్గర విన్నారు. మన కుర్రాడు మనవాళ్ల గురించి వాళ్ల గొంతుతో మాట్లాడుతున్నాడంటే, మనం వెంటనే ఏమనుకుంటాం? వీడు అమ్ముడుపోయాడు, వీడికి పొగరెక్కింది, ఏదో పార్టీవాళ్లు పట్టుకున్నారు అనుకుంటాం. నిజంగా అమ్ముడుపోయిన వాళ్లు ఉండరని కాదు. కానీ ముందు అడగాల్సింది, ఈ మనిషి ఎన్నాళ్ల నుంచి సరిగ్గా నిద్రపోలేదు అని. ఎవరి బాధనీ ఇక లోపలికి తీసుకునే చోటు లేనప్పుడు మనసు తలుపేసుకుంటుంది. ఆ తలుపు చప్పుడే మనకి పొగరులా వినిపిస్తుంది.

మూడోది, చేసిందంతా దండగ అనిపించడం. "నేను చేసిందేముంది" అంటారు. పదిహేను కుటుంబాలకి పట్టాలొచ్చి ఉంటాయి, అవి గుర్తుండవు. రాని ముప్ఫై గుర్తుంటాయి.

మరి ఇది పని ఎక్కువై వస్తుందా? కొంతవరకే. మన అమ్మమ్మలు మనకంటే ఎక్కువ పని చేశారు. క్రిస్టీనా మాస్లాక్ అని, ఈ విషయం మీద దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న ఆవిడ ఒకరున్నారు. పని బరువొక్కటే కాదు, పని మీద మనకి అదుపు లేకపోవడం, చేసినదానికి గుర్తింపు లేకపోవడం, తోటివాళ్ల తోడు లేకపోవడం, న్యాయం జరగకపోవడం, నమ్మిన విలువలకీ చేసే పనికీ పొంతన లేకపోవడం ఇవన్నీ కలిసి మనిషిని అరగదీస్తాయని ఆమె అంటారు. ఇందులో అదుపు లేకపోవడం, న్యాయం లేకపోవడం అనే రెండూ మనకి బాగా తెలుసు.

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. గ్రామసభ తీర్మానం చేయాలి, సబ్ డివిజన్ కమిటీ చూడాలి, జిల్లా కమిటీ ఖరారు చేయాలి. ఒప్పుకోకపోతే 60 రోజుల్లో పై కమిటీకి వెళ్లొచ్చు. తిరస్కరిస్తే కారణం రాసి తెలియజేయాలి. కాగితం మీద ఎంత సాఫీగా ఉందో చూడండి. మీ ఊళ్లో ఏం జరిగింది? "రిజెక్ట్ అయింది" అని ఎవరో నోటిమాటగా చెప్పారు. కాగితం అడిగితే పై ఆఫీసులో ఉందన్నారు. అక్కడికెళ్తే కిందే ఉందన్నారు. కాగితం లేకపోతే అప్పీలు ఎక్కడ వేస్తాం, 60 రోజులు ఎప్పటినుంచి లెక్కపెడతాం? దీంతో మళ్లీ మొదటికొచ్చి అర్జీ రాస్తాం. అదే అర్జీ, అదే సంతకాలు, వేలిముద్రలు. పని చేస్తూనే ఉంటాం, ముడి విడదు. ఊళ్లో వాళ్లు రోజూ మన ముఖమే చూస్తారు, ఎందుకంటే కలెక్టరు ముఖం వాళ్లకి కనబడదు. ప్రభుత్వం చేసిన ఆలస్యానికి జవాబు చెప్పేది మనమే అవుతాం. ఈ మధ్యలో నిలబడటమే మనిషిని పీల్చేస్తుంది.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, క్లెయిములు తిరస్కరించిన వాళ్లని ఖాళీ చేయించమని ఉత్తర్వు ఇచ్చింది. అదే నెల 28న దాన్ని నిలిపింది. నిలిపింది, కొట్టేయలేదు. ఆ రోజుల్లో మీలో పెద్దవాళ్లు ఎన్ని ఊళ్లు తిరిగారో మీకు గుర్తుండే ఉంటుంది. కోర్టు భాషలో అది పదిహేను రోజుల వ్యవహారం. తిరస్కరణ కాగితం ఇంట్లో ఉన్నవాడికి, అసలు కాగితమే లేనివాడికి, అది ఇంకా అవ్వలేదు.

ఆడవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మన ఆశా కార్యకర్తలు, కమిటీల్లో ఉన్న అక్కలు నీళ్లు తెచ్చి, వండి, పిల్లల్ని పంపి అప్పుడు మీటింగుకి వస్తారు. ఆలస్యమైందని మనం ముఖం చిట్లిస్తాం. రాత్రి కాన్పు కేసు వస్తే వెళ్లేదీ వాళ్లే. దారిలో బిడ్డ పోతే ఇంటికొచ్చి ఎవరితో చెప్పుకుంటారు? మర్నాడు మళ్లీ రిజిస్టర్ నింపాలి. డోలీ మీద వెళ్తూ పోయిన ప్రాణాల గురించి మనం ఫొటోలు పెడతాం, పోస్టులు రాస్తాం. అవి పెట్టాల్సిందే. కానీ ఆ డోలీ పక్కన నడిచిన మనిషిని ఆ తర్వాత వారం ఎవరైనా పలకరించారా అన్నది నా ప్రశ్న.

ఇక వైద్యం. ముందుగా ఒక హెచ్చరిక. అలిసిపోయిన ప్రతివాడికీ మనసే కారణం అనుకోవద్దు. మన ఏజెన్సీలో ఇది మరీ ముఖ్యం. రక్తం తక్కువున్నా ఇలాగే ఉంటుంది, మెట్టెక్కితే ఆయాసం, దేని మీదా ధ్యాస నిలవదు. థైరాయిడ్ తేడా ఉన్నా అంతే. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించాలి. వచ్చిపోయే జ్వరం ఉంటే మలేరియా చూడాలి. చిన్నప్పటి నుంచి ఒళ్లు నొప్పులు, కళ్లు పచ్చబడటం ఉంటే సికిల్ సెల్ పరీక్ష అడగండి. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ కార్యక్రమం ఆదివాసీ ప్రాంతాల కోసమే, కాబట్టి పీహెచ్‌సీలో దబాయించి అడగొచ్చు. కాబట్టి మొదటి అడుగు రక్తపరీక్ష. బెంగ అనుకుని కౌన్సెలింగ్ చేస్తూ కూర్చుంటే అసలు జబ్బు ముదిరిపోతుంది. దీనికి ఉల్టాగా, పరీక్షలన్నీ బాగున్నాయి కాబట్టి "నీకేం లేదు పో" అని డాక్టరు అన్నా ఒప్పుకోవద్దు. ఏమీ లేకపోతే అంత దూరం నడిచి ఎందుకొస్తారు?

రెండో అడుగు, ఇది మామూలు అలుపేనా, డిప్రెషన్‌లోకి దిగిందా అని చూడటం. అలుపైతే పని నుంచి దూరం జరిగినప్పుడు, పండక్కి ఊరెళ్లినప్పుడు, పిల్లలతో ఉన్నప్పుడు కొంచెమైనా తేలికపడుతుంది. డిప్రెషన్‌లో అదీ ఉండదు. కొత్త పండగొచ్చినా, డప్పు మోగినా లోపల ఏమీ కదలదు. వైద్యులు మొదట అడిగే ప్రశ్నలు రెండే, మీరు కూడా అడగొచ్చు. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? ఇంతకుముందు ఇష్టంగా చేసేవాటి మీద ఆసక్తి పోయిందా? దేనికైనా అవునంటే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాలి. ఆకలి పోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, "నేను పనికిరాను" అనుకోవడం కూడా ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

ఇంకో ప్రశ్న అడగడానికి అందరూ జంకుతారు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా తమ్ముడూ?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. చాలామంది ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తుంటారు. అవునని చెప్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుల మందు ఉంటే బయటికి తీసెయ్యండి, పత్తి వేసే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. ఏదైనా జరిగితే పోలీసు కేసవుతుందని దాచేవాళ్లున్నారు, ఆ భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ప్రాణం పోగొట్టుకున్నవాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చదవండి. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం, సంరక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది అని ఉంది. అదే చట్టం 18వ సెక్షన్ మానసిక వైద్యం పొందడాన్ని ప్రతి మనిషి హక్కుగా రాసింది. పోడు పట్టా ఎలా హక్కో ఇదీ అలాగే. అడుక్కునేది కాదు.

ఎక్కడికి వెళ్లాలి అంటే, జిల్లా ఆస్పత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉండాలి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద. డాక్టరు ఏ రోజు ఉంటాడో ముందే కనుక్కుని వెళ్లండి, బస్సు చార్జీలు దండగవుతాయి. టెలీ మానస్ అని 14416 నంబరు ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైంది. డబ్బులు అక్కర్లేదు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. సిగ్నల్ దొరికే కొండ మీదికెళ్లి మాట్లాడాల్సి వస్తుంది, తెలుసు. అయినా ఆ నంబరు మీ ఊరి బడి గోడ మీద రాయండి.

మందుల గురించి రెండు మాటలు. డిప్రెషన్‌కి డాక్టరు రాసే మందులు వేసిన రోజే పనిచేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే "పనిచేయట్లేదు" అని మానేస్తారు, అది తప్పు. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాలి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా ఆపాలి. ఇవి అలవాటు పడేవి కావు. అలవాటు పడేవి వేరే ఉన్నాయి. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఇచ్చే నిద్రమాత్రలు అవి. ఇంకా సారా. "రెండు గుక్కలు వేస్తేనే నిద్ర" అనే కార్యకర్తల్ని మీరూ చూశారు. సారా నిద్ర పట్టిస్తుంది, అర్ధరాత్రి లేపుతుంది, మర్నాడు దిగులు రెట్టింపు చేస్తుంది. పండక్కి కల్లు తాగడం గురించి కాదు నేను చెప్పేది, ఒంటరిగా నిద్ర కోసం తాగడం గురించి.

దిసారి దగ్గరికి, గురువు దగ్గరికి వెళ్లొద్దా అని అడుగుతారు. వెళ్లండి. ఆయన పూజ పెడితే బంధువులంతా వస్తారు, ఆ మనిషి చుట్టూ రాత్రంతా కూర్చుంటారు, నీకేమైంది అని అడుగుతారు. అది చిన్న వైద్యం కాదు. దాన్ని ఎగతాళి చేసే డాక్టరు మన ఊళ్లకి పనికిరాడు. కాకపోతే రక్తపరీక్ష, మందులు ఆపి అటు వెళ్లొద్దు. రెండూ నడవనివ్వండి.

మానసిక వైద్యులు మన కొండల దాకా ఎప్పుడొస్తారు అని కూర్చుంటే లాభం లేదు. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశంలో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు ఊళ్లో అమ్మమ్మలకి శిక్షణ ఇచ్చాడు. ఆస్పత్రి ఆవరణలో ఒక చెక్క బెంచీ, దాని మీద ఒక అమ్మమ్మ, పక్కన బాధలో ఉన్న మనిషి. అక్కడివాళ్లు డిప్రెషన్ అనరు, తమ షోనా భాషలో 'అతిగా ఆలోచించడం' అనే అర్థం వచ్చే మాట వాడతారు. అమ్మమ్మలు కూడా ఆ మాటతోనే మాట్లాడారు. అది బాగా పనిచేసిందని 2016లో పరిశోధన వచ్చింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం వైద్యం చదవని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి అలాంటిదే చేసింది. మన పశ్చిమ గోదావరిలో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి ఊళ్లలో మానసిక బాధని గుర్తించే ప్రయోగం జరిగింది, అందులో గిరిజన గ్రామాలూ ఉన్నాయి. మనవల్ల కాని పని కాదిది.

ఆ అమ్మమ్మలు చేసేది మంత్రం కాదు. ముందు అంతా చెప్పుకోనిస్తారు, మధ్యలో సలహా ఇవ్వరు. ఆ చెప్పినవాటిలో ఒక్క సమస్యని ఎంచుకోమంటారు. దానిలో మన చేతిలో ఉన్నదేది, లేనిదేది విడదీస్తారు. వచ్చేవారంలోపు చేయగల ఒక్క చిన్న పని ఒప్పుకుంటారు. మళ్లీ కలుస్తారు. మన కార్యకర్తతో ఇలా ఉంటుంది: నలభై ఫైళ్లు తల మీద ఉన్నాయి. పట్టా ఇవ్వడం నీ చేతిలో లేదు. తిరస్కరణ కారణం రాతపూర్వకంగా ఇమ్మని ఒక్క సమాచార హక్కు దరఖాస్తు వేయడం నీ చేతిలో ఉంది. ఈ వారం అదొక్కటే. మిగతా ముప్ఫైతొమ్మిది కమిటీవి, నీవి కావు. ఆ చివరి వాక్యం కమిటీ నిజంగా అనగలిగితేనే ఈ వైద్యం పనిచేస్తుంది.

అందుకే ఇప్పుడు కమిటీలతో మాట్లాడతాను. అలిసిపోయిన మనిషిని బాగుచేసి మళ్లీ అదే పనిలోకి, అదే పద్ధతిలో తోస్తే ఆర్నెల్లలో మళ్లీ పడిపోతాడు. ప్రతి ఊరి ఫైలూ ఇద్దరికి తెలిసి ఉండాలి. ఒక్కడికే తెలిస్తే ఆ ఒక్కడు జ్వరమొచ్చినా పడుకోలేడు. రాత్రి తొమ్మిది దాటాక గ్రూపులో పని మెసేజులు వద్దు. ప్రమాదం, అరెస్టు, కాన్పు ఇలాంటివైతే ఫోన్ చేయండి, అది వేరు. కార్యకర్త జేబులోంచి ఎంత ఖర్చవుతోందో లెక్క రాసి చార్జీలైనా ఇవ్వండి, ఇంట్లో పోట్లాటలు సగం దానివల్లే. చావు చూసొచ్చిన మనిషిని మర్నాడు రిపోర్టు అడగొద్దు, ముందు భోజనం పెట్టండి. ఇటుకల పండగ రోజుల్లో, కొత్తల రోజుల్లో మీటింగులు పెట్టొద్దు. మన పెద్దలు ఏడాదిలో పని ఎప్పుడు ఆపాలో పండగల రూపంలో రాసిపెట్టారు, ఆ క్యాలెండర్‌ని ఉద్యమం పేరుతో మనమే చెరిపేస్తున్నాం. ఆఖరున ప్రతి మీటింగులో ఆ నెల సాధించింది, ఎంత చిన్నదైనా, మినిట్స్ పుస్తకంలో రాయండి. ఒక బోరు బాగైంది, ఒక రేషన్ కార్డు వచ్చింది. ఏమీ చేయలేదు అనిపించే రోజు ఆ పుస్తకం తీసి చదవాలి.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది, నాకూ ఉంది. రేపు ప్రభుత్వం వచ్చి, భూమి పోయినవాళ్లకి భూమి ఇవ్వకుండా కౌన్సెలింగ్ క్యాంపు పెడితే? నిర్వాసితుల కాలనీలో ధ్యానం క్లాసులు పెడితే? తీసుకోవద్దని నేను అనను, నిద్రపట్టని ముసలమ్మకి ఈ రాత్రి నిద్ర కావాలి. కానీ రసీదు మీద "పరిష్కరించబడింది" అని రాస్తే సంతకం పెట్టొద్దు. బెంగకి మందు ఇచ్చినంత మాత్రాన బెంగ తెచ్చిన కారణం ఫైలు మూసుకోదు. మనం రెండు అర్జీలు విడివిడిగా పెట్టాలి, ఒకటి భూమికి, ఒకటి డాక్టరుకి.

చివరగా, క్లాసు మధ్యలో ఒక చెల్లి చీటీ పంపింది. "నేను కొన్నాళ్లు పక్కకి తప్పుకుంటే ఉద్యమానికి ద్రోహం చేసినట్టా?" అని. పేరు రాయలేదు, చెప్పక్కర్లేదు కూడా. కాదమ్మా. మీ దగ్గరున్న ఫైళ్లు, తేదీలు, ఎవరి ఫోన్ నంబర్లు ఏవో ఒక నోటుబుక్కులో రాయండి. కమిటీలో ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు సాయంత్రాలు అది అప్పజెప్పండి. ఎన్నాళ్లు వెళ్తున్నారో, మళ్లీ ఎప్పుడు మాట్లాడదామో తేదీ వేసుకోండి. ఆ మధ్యలో మిమ్మల్ని ఎవరూ పని గురించి పిలవకుండా చూసే బాధ్యత కమిటీ కార్యదర్శిది. మిమ్మల్ని చూడ్డానికి, కబుర్లు చెప్పడానికి మాత్రం ఎవరో ఒకరు వారం వారం వస్తారు. ఎవరొస్తారన్నది ఈరోజు భోజనాల దగ్గర తేలుద్దాం.